ఇళ్లకూ ఇంటిపేర్లున్న ఊరు

చండీగఢ్ అనగానే రాక్ గార్డెన్, గులాబీల తోట, గీత గీసినట్టుండే రోడ్లు గుర్తొస్తాయి. కానీ ఆ ఊరి అసలు పునాది ఓ జాబితా. ఏ ఉద్యోగికి ఎన్ని గదులివ్వాలి, ఏ గదిలో ఏమేం ఉండాలి అని రాసుకున్న జాబితా! డెబ్భై ఏళ్ల కిందటి ఆ కాగితం మీద జనం ఎలా కాపురాలు చేస్తున్నారో చూద్దామని వెళితే...

మనుషులకు ఇంటిపేర్లు ఉండటం మామూలే. చండీగఢ్‌లో ఇళ్లకే ఇంటిపేర్లున్నాయి. 13-జె, 4-జె... ఇలా. ఇది డోర్ నంబరు కాదు. సెక్టారు నంబరూ కాదు. ఆ ఇల్లు ఏ రకానికి చెందిందో చెప్పే గుర్తు. ముందున్న అంకెను బట్టి అందులో ఉండే ప్రభుత్వ ఉద్యోగి హోదా తెలుస్తుంది. అంకె పెరిగేకొద్దీ హోదా తగ్గుతుంది. వెనకున్న అక్షరం ఆ ఇంటి ప్లాను గీసిన ఆర్కిటెక్టుది. ‘జె’ అంటే స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పియరె జెన్నరే. అంటే 13-జె ఇల్లు జెన్నరే గీసింది, ప్యూన్లు ఉండేది. 4-జె కూడా జెన్నరే గీసిందే. అందులో ఉండేది మాత్రం పెద్ద అధికారి.

మొదట అనుకున్న రకాలు 13. ఆ వరసలో పైన ముఖ్యమంత్రి నివాసం, అడుగున బంట్రోతు ఇల్లు. మధ్యలో మంత్రులు, జడ్జీలు, ఇంజినీర్లు, గుమాస్తాలు. ఒక్కో మెట్టుకూ ఒక్కో గదుల లెక్క. దానికింత ఖర్చు పెట్టొచ్చన్న లెక్క. ఊరు పుట్టకముందే, ఇటుక పేర్చకముందే రాసుకున్న లెక్కలివి!

మనకు క్వార్టర్స్ కొత్తకాదు. రైల్వే కాలనీల్లో, సింగరేణిలో, నాగార్జునసాగర్ హిల్ కాలనీలో, విశాఖ ఉక్కునగరంలో పెరిగిన పిల్లల్ని అడగండి. నాన్న హోదా ఏమిటో ఇల్లు చూసి చెప్పేస్తారు. అయితే చండీగఢ్‌లో మాత్రం ఒక రాష్ట్ర రాజధానినే ఇలా గదుల లెక్కలోంచి పుట్టించారు.

లాహోర్ పోయింది... గుడారాలు మిగిలాయి

1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు పంజాబ్ కూడా రెండయింది. రాజధాని లాహోర్ పాకిస్థాన్‌కు వెళ్లిపోయింది. ఇటు మిగిలిన పంజాబ్ ప్రభుత్వం సిమ్లాలో తలదాచుకుంది. పైగా లక్షల మంది కాందిశీకులు. కొత్త రాజధాని తప్పనిసరయింది. శివాలిక్ కొండల పాదాల దగ్గర స్థలం ఎంచుకున్నారు. అమెరికన్ ప్లానర్ ఆల్బర్ట్ మేయర్ మొదటి ప్లాను వేశాడు. ఆయనతో పనిచేసిన మాథ్యూ నొవిట్స్కీ 1950లో విమాన ప్రమాదంలో చనిపోవడంతో కథ మలుపు తిరిగింది. పంజాబ్ నుంచి ఇద్దరు అధికారులు, పి.ఎల్.వర్మ, పి.ఎన్.థాపర్, ఆర్కిటెక్టుల్ని వెతుక్కుంటూ యూరప్ వెళ్లారు. లె కార్బూజియేను ఒప్పించుకొచ్చారు. ఆయనతోపాటు ఆయన దగ్గరి బంధువు జెన్నరే, బ్రిటన్‌కు చెందిన భార్యాభర్తలు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ వచ్చారు.

పని పంచుకున్నారు. ఊరి ప్లానూ, అసెంబ్లీ, సచివాలయం, హైకోర్టు లాంటి పెద్ద భవనాలూ కార్బూజియేకి. వేలాది ఇళ్లు మిగతా ముగ్గురికి. పేరంతా పెద్దాయనకొచ్చింది కానీ, ఊళ్లో జనం రోజూ తెరిచి మూసే తలుపుల్ని గీసింది ఆ ముగ్గురూ, వాళ్ల దగ్గర పనిచేసిన మన కుర్ర ఆర్కిటెక్టులూ. ఎం.ఎన్.శర్మ, ఆదిత్య ప్రకాశ్, జీత్ మల్హోత్రా, యూలీ చౌదరి... వీళ్లంతా ఆ బృందంలోని వాళ్లే.

1953 అక్టోబరు 7న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చండీగఢ్‌ను ప్రారంభించారు. ఆ తేదీ చదవగానే మన కళ్లు కాస్త ఆగుతాయి. సరిగ్గా ఆరు రోజుల ముందే, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. అక్కడ గదుల లెక్క వేసుకునేంత వ్యవధి లేదు. గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. గుడారాల రాజధాని అన్న పేరు పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఒకే వారంలో రెండు రాజధానులు. ఒకచోట ఏ గదిలో ఎవరుండాలో ముందే రాసుకున్నారు. ఇంకోచోట ఏ గుడారం దొరికితే అందులో ఫైలు పెట్టుకున్నారు.

రెండు గదులు, ఓ వంటిల్లు

చండీగఢ్‌లో మొట్టమొదట లేచింది సెక్టార్ 22. ఇప్పుడక్కడ అడుగు పెడితే శాస్త్రి మార్కెట్ రద్దీ, ఊళ్లో మొదటి సినిమాహాలైన కిరణ్, ఆ పక్కనే గోల్‌గప్పా బళ్లు. నాలుగు అడుగులు లోపలికి వేస్తే మాత్రం హడావుడి సద్దుమణుగుతుంది. ఎర్ర ఇటుకల వరస ఇళ్లు, వాటి మధ్య చిన్న పార్కులు, చిల్లుల జాలీ గోడలు. సిమెంటు, ఇనుము కరవైన రోజులవి. ఇటుకైతే దగ్గర్లోని బట్టీల్లోనే కాలేది, చవగ్గానూ వచ్చేది. అందుకే మామూలు ఇళ్లన్నిటికీ ఇటుకే దిక్కయింది.

అట్టడుగు ఉద్యోగి ఇంటి జాబితాలో ఉన్నవి ఇవీ: రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది, విడిగా ఫ్లష్ మరుగుదొడ్డి, వరండా, వెనకాల పెరడు. కుళాయి నీళ్లు, కరెంటు. ఇప్పుడు చదివితే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. 1951 నాటి మన ఊళ్లను గుర్తు చేసుకోండి. పట్నాల్లో జమీందార్ల మేడల్లో సైతం పాకీదొడ్లే. చీకటి పడితే కిరసనాయిలు దీపాలే. అలాంటి రోజుల్లో కలెక్టరాఫీసు బయట స్టూలు మీద కూర్చునే బంట్రోతుకు తన ఇంట్లో తనకంటూ కుళాయి, మరుగుదొడ్డి! ఆ జాబితా రాసినవాళ్లు హోదాల నిచ్చెన వేశారన్నది నిజం. ఆ నిచ్చెన కింది మెట్టు నేలమీద కాకుండా కాస్త ఎత్తులోనే పెట్టారన్నదీ నిజమే.

అయితే జాబితాలో ‘గది’ అని రాస్తే చాలదు. గదిలో ఏం జరుగుతుందో తెలియాలి. దూరదేశం నుంచి వచ్చినవాళ్లకు అదే పరీక్షయింది. ఇక్కడి వాళ్లు కింద కూర్చుని వండుతారా, నిలబడి వండుతారా? పొగ ఎటు పోవాలి? వేసవిలో గదిలో పడుకుంటారా, ఆరుబయటా? మగవాళ్ల స్నేహితులు వస్తే ఆడవాళ్లు ఎటునుంచి లోపలికి వెళ్లాలి? ఒక్కో జవాబుకీ ప్లానులో ఓ గీత మారుతుంది. ఆరుబయట పడుకుంటారంటే మేడమీదికి మెట్లు కావాలి, పక్కింటివాళ్లకు కనపడకుండా పిట్టగోడ ఎత్తు పెరగాలి. డాబా లేని చిన్న ఇంటికైతే పెరట్లో మంచాలు పట్టేంత చోటుండాలి.

ఎండకూ ఓ పద్దు

చండీగఢ్ ఎండ తక్కువదేం కాదు. మేలో నలభై డిగ్రీలు దాటడం మామూలు. జనవరిలో పొగమంచు, గజగజలాడించే చలి. మధ్యలో ఉక్కపోసే వానాకాలం. ఒకే గది ఈ మూడింటినీ తట్టుకోవాలి. దీనికి పారిస్‌లోని కార్బూజియే ఆఫీసులో ఓ ఉపాయం పన్నారు. పెద్ద కాగితం మీద గళ్లు గీశారు. అడ్డంగా పన్నెండు నెలలు. నిలువునా నాలుగు విషయాలు: గాలి వేడి, గాలిలో తేమ, గాలి వీచే తీరు, గోడలూ కప్పూ విడిచే వేడి. మొదటి పట్టికలో ఏ నెలలో పరిస్థితి ఎలా ఉంటుందో రాశారు. రెండో దాంట్లో మనిషికి సుఖంగా ఉండాలంటే ఏం సవరించాలో రాశారు. మూడో దాంట్లో దానికి భవనంలో ఏం చేయాలో రాశారు. దానికి పెట్టిన పేరు ‘క్లైమేట్ గ్రిడ్’. ఈ పని చేసిన వారిలో ఇయానిస్ జెనాకిస్ అనే కుర్ర ఇంజినీరున్నాడు. తర్వాతి రోజుల్లో ప్రపంచం ఆయన్ని గొప్ప సంగీతకారుడిగా గుర్తుపెట్టుకుంది.

ఓ గది ఎలా ఉండాలో రాసేముందు, ఆ గదిలో ఉండే మనిషికి జూన్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో రాసుకోవడం... ఈ పద్ధతి మనకు కొత్తేం కాదనిపిస్తుంది. ‘దక్షిణపు గాలి రావాలిరా, ఆ కిటికీ ఇటు పెట్టు’ అని మేస్త్రీని ఆపిన మన తాతలు చేసిందీ ఇదే. కాకపోతే వాళ్లు కాగితం మీద పెట్టలేదు.

కుళాయి దగ్గర ఆంటీజీ

సెక్టార్ 22లోని ఓ వరస ఇంటి ముందు ఆగి జాలీ గోడ కేసి చూస్తుంటే, లోపల్నించి ఓ పెద్దావిడ బయటికొచ్చారు. ఎవరు కావాలని అడిగారు. హైదరాబాద్ నుంచి ఇళ్లు చూడటానికి వచ్చామంటే నవ్వారు. ‘అందరూ రాక్ గార్డెన్ చూస్తారు బేటా, మా ఇల్లేం చూస్తావు’ అంటూనే లోపలికి రమ్మన్నారు.

ముందు గదిలో దివాను, టీవీ, ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ వల్ల కిటికీ సగం మూసుకుపోయింది. ‘ఈ ఇల్లు కట్టినప్పుడు ఫ్రిజ్ ఎవరింట్లో ఉంది ఆంటీజీ’ అంటే ‘అదే కదా’ అన్నారు. వరండాకు అద్దాల తలుపులు బిగించి మనవడికి చదువుకునే గది చేశారు. పెరట్లో సగానికి రేకు వేశారు. కూలర్ కిటికీకి వేలాడుతోంది. గదులన్నీ చిన్నవే. కానీ జాలీ గోడ పక్కన నిలబడితే మే నెల మధ్యాహ్నం కూడా గాలి ఆడుతోంది. ‘నా పెళ్లయి వచ్చినప్పుడు రాత్రిళ్లు అందరం పెరట్లోనే మంచాలేసుకునేవాళ్లం. ఇప్పుడు దోమలూ, బళ్ల చప్పుడూ. లోపలే పడుకుంటాం’ అన్నారామె. ఇంట్లో మీకు బాగా నచ్చినదేమిటని అడిగితే ఆలోచించకుండానే పెరటి కుళాయి వైపు చూపించారు. ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లమ్మ నీళ్లకోసం పొలాలు దాటి వెళ్లేదట.

గదుల జాబితా రాసిన వాళ్లకు ఫ్రిజ్ తెలియదు, కూలర్ తెలియదు, మనవడి ట్యూషన్ తెలియదు. కుళాయి కావాలని మాత్రం తెలుసు. వాళ్లకు తెలిసింది నిలబడింది. తెలియనిదాన్ని ఆంటీజీ కుటుంబం అద్దాలతో, రేకులతో సర్దుకుంది.

లెక్కలోకి రానివాళ్లు

జాబితాకు ఇంకో పక్క కూడా ఉంది. 13 రకాల ఇళ్లూ ప్రభుత్వ ఉద్యోగులకు. మరి ఆ ఇళ్లు కట్టిన కూలీలకు? ఇటుకలు మోసినవాళ్లకు, కంకర కొట్టినవాళ్లకు ఉద్యోగ హోదా లేదు కనుక వాళ్లకు ఏ రకమూ లేదు. పనులు జరిగే చోటే గుడిసెలు వేసుకున్నారు. వాటిని ‘లేబర్ కాలనీలు’ అన్నారు. పని అయిపోగానే వెళ్లిపోతారనుకున్నారు. ఊరు కట్టడం ఎన్నటికీ పూర్తి కాలేదు, వాళ్లూ వెళ్లలేదు. ఖాళీ చేయించడాలు, మరోచోట వేసుకోవడాలు దశాబ్దాలపాటు సాగాయి. చండీగఢ్‌లోనే ఆర్కిటెక్చర్ చదివిన మధు సరీన్ 1982లో ఈ కథనంతా పుస్తకంగా రాశారు. ప్రపంచమంతా మెచ్చుకునే ప్లానులో పేదవాడి బండికీ, గుడిసెకూ గళ్లు లేకపోవడం గురించి.

అంటే జాబితా రాయడం ఒక్కటే చాలదన్నమాట. అందులో ఎవరి పేరుందో, ఎవరిది లేదో కూడా చూసుకోవాలి.

గదులకోసం రెండు రాష్ట్రాల పట్టు

ఊరికి ఉత్తరాన కేపిటల్ కాంప్లెక్స్. 2016లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించిన చోటు. గైడు వెంట లోపలికి వెళితే ముందు కళ్లకు అడ్డం పడేది సచివాలయం. పొడవు 254 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకు చూపు సాగదీయాల్సిందే. కట్టినప్పుడు లెక్క ఒక్క రాష్ట్రానికే. 1966 నవంబరు 1న హర్యానా విడిపోయింది. చండీగఢ్ ఇద్దరికీ రాజధాని అయింది. గదులు మాత్రం పెరగలేదు కదా! ఒకే సచివాలయం, ఒకే అసెంబ్లీ భవనం ఇద్దరూ పంచుకున్నారు. అసెంబ్లీలో తమ వాటా గదులు కొన్ని పంజాబ్ చేతుల్లోనే ఉండిపోయాయన్నది హర్యానా చిరకాల ఫిర్యాదు. 2014 తర్వాత హైదరాబాద్ సచివాలయంలో బ్లాకులు పంచుకున్న రోజులు చూసినవాళ్లకు ఈ గొడవ విడమరచి చెప్పక్కర్లేదు.

హైకోర్టుదీ అలాంటి కథే. ప్రధాన న్యాయమూర్తికి ఒక పెద్ద కోర్టు గది, మిగతావాళ్లకు ఎనిమిది. అంతవరకే మొదటి లెక్క. కేసులు పెరిగాయి, జడ్జీలు పెరిగారు. వెనకాల అదనపు భవనాలు కట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి. కాంక్రీటు గదుల్లో మాట ప్రతిధ్వనిస్తుంది. కోర్టులో వకీలు మాట ఒకటికి రెండుగా వినపడితే ఎలా? అందుకని ఒక్కో కోర్టు గది గోడకూ కార్బూజియే బొమ్మలు గీసిచ్చిన భారీ ఉన్ని తివాచీలు వేలాడదీశారు. కాశ్మీర్ నేతగాళ్లు నేసినవి. చూసేవాళ్లకు అలంకారం. నిజానికి అవి ఆ గది అవసరం.

కుర్చీలకూ ఇలాంటి చరిత్రే. జెన్నరే బృందం ఆఫీసులకు, కాలేజీలకు, ఇళ్లకు టేకు కుర్చీలు, బల్లలు తయారు చేయించింది. ఏది ఏ ఆఫీసుదో తెలిసేలా వెనకాల అక్షరాలు, అంకెలు రంగుతో రాసేవారు. పాతబడ్డాక వాటిని తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు కొనుక్కుపోయారు. అవే కుర్చీలు పారిస్, లండన్ వేలంపాటల్లో లక్షల రూపాయలు పలికాయి. కొనేవాళ్లు ముందుగా వెతికేది వెనకున్న ఆ రంగు అక్షరాలనేనట! 2011లో కేంద్ర హోంశాఖ వీటి అమ్మకాలను కట్టడి చేసింది. గుమాస్తా ఎవరో సరుకు పోకుండా రాసుకున్న గుర్తు, సరుకు పోయాక దాని విలువకు సాక్ష్యమైంది.

గదికో కాగితం

ఇప్పుడు పెద్ద భవనాలు కట్టేవాళ్లు ఈ పనిని ఓ పద్ధతిలో పెట్టారు. ఆసుపత్రి కావచ్చు, ఆఫీసు కావచ్చు. ప్రతి గదికీ ఓ పేజీ. దాన్ని ‘రూమ్ డేటా షీట్’ అంటారు. గది పేరు, వైశాల్యం, అందులో ఎందరుంటారు, ఏం చేస్తారు, పక్కన ఏ గది ఉండాలి, ఏ గది ఉండకూడదు, నేల ఎలాంటిది, తలుపు వెడల్పెంత, ఎన్ని ప్లగ్గులు, నీళ్లు కావాలా, ఏసీ కావాలా, ఎంత వెలుతురు... అన్నీ అందులో ఉంటాయి. ఆపరేషన్ థియేటర్ పేజీ ఒకటి నింపాలంటే సర్జన్‌తోనే కాదు, నర్సుతోనూ, స్ట్రెచర్ తోసే వార్డుబాయ్‌తోనూ మాట్లాడాలి. తలుపు చాలదన్న సంగతి ముందుగా తెలిసేది అతనికే. తర్వాత అందరూ సంతకాలు చేస్తారు. ఆ తర్వాతే గీతలు.

మరి మన సొంతిల్లు? ‘డబుల్ బెడ్రూం, హాలు, కిచెన్, తూర్పు ద్వారం’. అయిపోయింది! గృహప్రవేశమయ్యాక తెలుస్తుంది, గ్రైండరు దగ్గర ప్లగ్గు లేదని. ఇన్వర్టరు మెట్లకింద, దాని పక్కనే ఆవకాయ జాడీలు. వాషింగ్ మెషీను బాల్కనీలో, కుళాయి బాత్రూంలో. మోకాళ్ల నొప్పుల అమ్మ పడుకునే గదికీ బాత్రూంకీ మధ్య రెండు మెట్లు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒంటి గది ఇంటికి కనీసం 9.5 చదరపు మీటర్ల గది ఉండాలని, వెడల్పు 2.4 మీటర్లకు, ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదని చెబుతుంది. అంతవరకే అది చెప్పగలిగేది. రాత్రి అమ్మ ఎన్నిసార్లు లేస్తుందో ఇంట్లోవాళ్లే రాయాలి. వాస్తు చూపించుకునే శ్రద్ధలో పావొంతు, ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి గదికో కాగితం రాయడం మీద పెడితే చాలు. తర్వాత గోడలు పగలగొట్టే పనుండదు. ముఖ్యంగా వంటింటి కాగితం వండేవాళ్ల చేతే రాయించాలి.

ఈ మాట ఇళ్లవరకే కాదు. అమరావతిలో ఎమ్మెల్యేలకు, అఖిల భారత సర్వీసు అధికారులకు, గెజిటెడ్ ఉద్యోగులకు, ఎన్జీవోలకు, గ్రూప్-డి సిబ్బందికి వేర్వేరుగా టవర్లు లేచాయి. 2019లో ఆగిపోయాయి. 2025 మే 2న రాజధాని పనుల్ని ప్రధాని పునఃప్రారంభించారు. అక్కడా హోదాల వారీగానే గదుల లెక్క ఉంది. ఆ లెక్కలో రేపటి వంటమనిషికి, కూరగాయల బండికి, ఈ రోజు కాంక్రీటు పోస్తున్న కూలీకి చోటుందా అన్నది డెబ్భై ఏళ్ల చండీగఢ్ మనల్ని అడుగుతున్న ప్రశ్న.

57వ నంబరు ఇల్లు

తిరుగు ప్రయాణానికి ముందు సెక్టార్ 5కి వెళ్లాం. ఇంటి నంబరు 57. రకం 4-జె. పియరె జెన్నరే తను గీసిన ఇంట్లోనే 1954 నుంచి 1965 దాకా కాపురమున్నాడు. 2017 నుంచి అది మ్యూజియం. ఇటుక గోడలు, గాజు కన్నా గాలికే ఎక్కువ చోటిచ్చిన కిటికీలు, పేము కుర్చీలు. పెద్దగా ఆర్భాటం లేదు. ఫ్రై, డ్రూ దంపతులు మూడేళ్లు పనిచేసి వెళ్లిపోయారు. కార్బూజియే ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయేవాడు. జెన్నరే మాత్రం తను రాసుకున్న గదుల్లో ఎండాకాలాలు గడిపాడు, చలికాలాలు గడిపాడు. ఆరోగ్యం పాడై 1965లో స్విట్జర్లాండ్ వెళ్లాడు. 1967లో జెనీవాలో చనిపోయాడు. ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని తీసుకొచ్చి ఇక్కడి సుఖ్నా సరస్సులో కలిపారు.

సాయంత్రం సుఖ్నా గట్టు మీద జనం వాహ్యాళి చేస్తున్నారు. ఆ గుంపులో ఏ రకం ఇంటివాళ్లు ఎవరో గుర్తుపట్టడం మా వల్ల కాలేదు.

ఇలా వెళ్లొచ్చు: హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానాలున్నాయి. రైల్లో అయితే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, అక్కడి నుంచి శతాబ్ది ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం. కేపిటల్ కాంప్లెక్స్‌ను గైడు వెంటే చూడాలి. గుర్తింపు కార్డు తప్పనిసరి. సెక్టార్ 10లో ఆర్కిటెక్చర్ మ్యూజియం, సెక్టార్ 19లో పాత ఆర్కిటెక్టుల ఆఫీసులో ఉన్న లె కార్బూజియే సెంటర్ చూస్తే నాటి ప్లాన్లు కనిపిస్తాయి. సెక్టార్ 22లో మాత్రం కాలినడకనే తిరగండి.